మౌనం పూర్తి అంగీకారమైన చోట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏడో తరగతిలో లెక్కల మాస్టారు ప్రశ్న వేస్తే తల వంచుకుని నిలబడేవాణ్ణి. "తెలియకపోతే తెలియదని చెప్పరా. నోరు మూసుకుని మాత్రం నిలబడకు" అనేవారు. ఆ మాట విలువ నాకు టెక్సాస్‌లో తెలిసింది.

అక్కడ కారు ప్రమాదాల్లో గాయపడినవారి దావాలు నడిపే లాయరు ఆఫీసులో నేను పారాలీగల్‌ని. విచారణకు ముందు ఇరుపక్షాలూ ఒకరి నుంచి ఒకరు వివరాలు, కాగితాలు రాబట్టుకునే దశను డిస్కవరీ అంటారు. అందులో ‘రిక్వెస్ట్స్ ఫర్ అడ్మిషన్’ అనే జాబితా ఒకటి వస్తుంది. "ప్రమాద సమయంలో మీరు ఫోన్ చూస్తున్నారు, ఒప్పుకోండి." "మీ నడుం నొప్పి అంతకుముందు నుంచీ ఉన్నదే, ఒప్పుకోండి." ఇలా ఉంటాయి. ఔననో కాదనో రాయాలి. వాకబు చేసినా తేలకపోతే ఆ సంగతే కారణంతో సహా రాయాలి. గడువు 30 రోజులు. అది దాటితే, కోర్టు ఉత్తర్వు అక్కర్లేకుండానే అన్నీ ఒప్పుకున్నట్టే లెక్క. తప్పు 50 శాతానికి మించి మనదేనని తేలితే పరిహారం ఒక్క డాలరు కూడా రాదు. మన దగ్గర మౌనం అర్ధాంగీకారం. అక్కడ పూర్తి అంగీకారం.

నేను చేరిన కొత్తలో ఒక తెలుగు కుర్రాడి కేసు వచ్చింది. వెనక నుంచి వచ్చిన కారు అతని కారును గుద్దింది. జాబితా పంపితే, "పోలీసు రిపోర్టులో అవతలివాళ్లదే తప్పని ఉంది కదన్నా" అని పక్కన పడేశాడు. నేనూ మళ్లీ అడగలేదు. గడువు దాటాక చూసుకుని, మా లాయరమ్మకు చెప్పే ధైర్యం లేక రెండు రోజులు ఊరుకున్నాను. రెండో రాత్రి మాస్టారు గుర్తొచ్చారు. పొద్దున్నే వెళ్లి చెప్పేశాను.

ఆవిడ ఆ రోజే జవాబులు రాయించి, ఆ ‘ఒప్పుకోళ్లు’ వెనక్కి తీసుకోనివ్వమని కోర్టును కోరారు. పొరపాటే తప్ప నిర్లక్ష్యం కాదనీ, అవతలివారికి అన్యాయం జరగదనీ చూపించాలి. లాయరు లేకుండా వాదించుకుంటూ రెండు రోజులు ఆలస్యంగా జవాబిచ్చిన ఒక తల్లికి, 2005లో టెక్సాస్ సుప్రీం కోర్టు ఊరట ఇచ్చింది. ఆ తీర్పు మాకు ఆసరా అయింది. జడ్జి అనుమతించారు. ప్రతిసారీ అలా జరుగుతుందన్న భరోసా లేదు.

మన పిల్లలు చాలామంది అక్కడున్నారు. వాళ్లకు చెప్పండి: నిజం మనవైపు ఉంటే చాలదు, గడువులోగా దాన్ని రాసి పంపాలి. తప్పు జరిగితే ఆ రోజే చెప్పాలి.

మాస్టారూ, ఆ పాఠం నాకు రెండు రోజులు ఆలస్యంగా గుర్తొచ్చింది. క్షమించండి.