ఒకరి రిపోర్టు – ఇంటిల్లిపాదికీ అవసరం

(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుడిని కాను. సర్వీసంతా ఫైళ్ళు చూసిన గుమాస్తాను. ఆ అలవాటుతోనే ఒక రకం రిపోర్టును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మెడ ముందు భాగంలో గడ్డ కనిపిస్తే మనం టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించి, నార్మల్ అని రాగానే ఊరుకుంటాం. థైరాయిడ్ గ్రంథి ఎలా పనిచేస్తున్నదో ఆ పరీక్ష చెబుతుందే గాని, గడ్డ ఎటువంటిదో చెప్పదు. కాన్సర్ ఉన్నా అది నార్మల్‌గానే ఉండవచ్చు. గడ్డ సంగతి తేలాలంటే అల్ట్రాసౌండు, అవసరమైతే సన్నని సూదితో కణాలు తీసి చూసే ఎఫ్.ఎన్.ఎ.సి. పరీక్ష చేయించాలి. చాలావరకు గడ్డలు ప్రమాదం లేనివే గనుక కంగారు పడనక్కర లేదు.

అరుదుగా మెడ్యులరీ కాన్సర్ అని తేలుతుంది. థైరాయిడ్ కాన్సర్లలో ఇది నూటికి అయిదు లోపే. దీనిని ప్రత్యేకమైన రకంగా 1959లో వైద్యులు వర్ణించారు. ఇది థైరాయిడ్ హార్మోను తయారుచేసే కణాలలో కాక, వాటి పక్కనుండే ‘సి’ కణాలలో పుడుతుంది. ఆ కణాలు కాల్సిటోనిన్ అనే వేరొక హార్మోనును విడుదల చేస్తాయి. సూది పరీక్షలో స్పష్టంగా తేలనప్పుడు, రక్తంలో కాల్సిటోనిన్ ఎంతున్నదో చూస్తే ఆచూకీ దొరుకుతుంది. ఈ కణాలు అయోడిన్‌ను పీల్చుకోవు. కాబట్టి ఇతర రకాలకిచ్చే రేడియో అయోడిన్ దీనికి పనిచేయదు. ఆపరేషనే ముఖ్యమైన చికిత్స.

ఇక అసలు సంగతి. ఈ రకం వచ్చిన నలుగురిలో సుమారు ఒకరికి అది వంశపారంపర్యం. దానికి కారణం ‘రెట్’ అనే జన్యువులోని మార్పు అని 1993లో కనుగొన్నారు. ఆ మార్పు ఉన్నవారి ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. ఇంట్లో ఇంకెవరికీ జబ్బు లేకపోయినా, మెడ్యులరీ అని తేలిన ప్రతివారూ ఈ జన్యు పరీక్ష చేయించుకోవాలని నిపుణుల సలహా. మార్పు ఉన్నట్లు తేలితే తోబుట్టువులకు, పిల్లలకు కూడా చూడాలి. ముందుగా తెలిస్తే, కాన్సర్ రాకముందే పసివాళ్ళకు సైతం గ్రంథి తీసివేసి కాపాడగలుగుతున్నారు. ఈ కుటుంబాలలో కొందరికి అడ్రినల్ గ్రంథిలోనూ గడ్డ ఉంటుంది. అది తెలియకుండా ఆపరేషన్ చేస్తే బి.పి. ప్రాణం మీదికి వచ్చేంతగా పెరగవచ్చు. కనుక ఆ పరీక్ష ముందే జరగాలి.

మనలో చాలామంది కాన్సర్ పేరు బయటికి చెప్పరు. పిల్లలు బెంగపడతారని, మనుమరాలి పెళ్ళి సంబంధానికి అడ్డు వస్తుందని భయం. ఉద్దేశం మంచిదే. కాని ఈ జబ్బును దాస్తే నష్టపోయేది ఆ పిల్లలే. పి.పి.ఓ.ను, బ్యాంకు పాసుబుక్కును భద్రపరచిన ఫైలులోనే బయాప్సీ రిపోర్టునూ ఉంచండి. తలా ఒక జిరాక్సు కాపీ పిల్లల చేతికివ్వండి. మనం వారికివ్వగల ఆస్తిలో అదీ ఒక భాగమే.