నేల యెవరి పక్షము?

(చల్లపల్లి పఠనమందిరమున జేసిన యుపన్యాసము)



యుద్ధచరిత్రలు సేనాపతులను గీర్తించును. వారి కాళ్లక్రింది నేలను మఱచును. ఫిరంగికి బండిబాటయు, గట్టినేలయు, ఎదుట నగపడు గుఱియు గావలయును. ఈ మూడును లేనిచోట నది యినుపముద్దయే.

మనకు జేరువనున్న బందరుకోటను జూడుడు. దాని చుట్టును బురదనేల. నైరృతిదిక్కున నా బురద దాటరానిదని పరాసులు నమ్మిరి. 1759 మార్చిలో ఇంగ్లీషు సేనాని ఫోర్డు కోటను ముట్టడించి, ఈశాన్యమునందలి యిసుకనేలపై ఫిరంగులు నిలిపెను. నెలదినములు గడచునప్పటికి మందుగుండు రెండుదినములకు మాత్రమే మిగిలెను. అంతట ఏప్రిల్ 7వ తేది రాత్రి, సముద్రపుబోటు తీసి యగడ్తలో నీరు తగ్గువేళ, కాల్బలమును నడపెను. కెప్టెను నాక్సు నైరృతిబురదలోబడి పోయి కాల్పులు జరిపెను. విజయనగరప్రభువగు ఆనందగజపతిరాజు సేన వేఱొకవైపున గలవరము పుట్టించెను. కోటలోనివా రటునిటు పరుగిడుచుండ, ముఖ్యదళము ఈశాన్యపుబురుజు నెక్కెను. తెల్లవారునప్పటికి కోట వశమయ్యెను. మే 14న సలాబతుజంగు బందరును, నిజాంపట్టణమును కంపెనీకి వ్రాసియిచ్చెను. మన తీరము పరాధీనమగుటకు ఆ రాత్రి యొక పెద్దమెట్టు.

ఇక మన్యమునకు బోదము. 1879 మార్చిలో, కల్లుపన్నును ముఠాదారుల బాధలును గారణముగా, రంపసీమ తిరుగబడెను. దాని నణచుటకు కొన్నివందల పోలీసులు, ఆఱు మద్రాసు కాల్బలపు రెజిమెంట్లు, ఒక గుఱ్ఱపుదళము, బాటలు వేయు సాపర్లు రెండు కంపెనీలు, హైదరాబాదు కంటింజెంటు సేనయు గావలసివచ్చెను! ఆ శతాబ్దమున విడదీసి కంచరగాడిదలపై మోయు చిన్నఫిరంగులు రాకపోలేదు. కాని కొండపై కెక్కించినను, అడవిలో గానరాని శత్రువునకు గుఱి యెట్లు పెట్టుట? బారులుతీర్చి తుపాకులు కాల్చు సిపాయిలు ఒంటికాలిబాటలో నొకరివెనుక నొకరు నడువవలసినవారైరి. మన్యపుజ్వరము మఱియొక శత్రువు. నాయకులగు చంద్రయ్యయు, తమ్మన్నదొరయు 1880లో హతులగువఱకు పోరు సాగెను.

మా న్యాయస్థానములలో దస్తావేజు వేఱు, అనుభవము వేఱు. బందరున బురదకు దస్తావేజు పరాసులది. దానిలో నడచి చూచినవాడు ఫోర్డు. రంపకు దస్తావేజు దొరతనముది, అనుభవము కొండవారిది. కావున నేల తనంతట నెవరికిని గోటగోడ కాదు. దానిని నడచి, యెఱిగి, కాచువారి పక్షముననే యది నిలుచును. మన కాలువగట్టులను, ఉప్పుకయ్యలను, ఏటిదారులను మనము పటములోగాక పాదములతో నెఱుగుదుమా? ఈ ప్రశ్న మీకు వదలి సెలవు గైకొనుచున్నాను.