ఐ.సి.యు. నుంచి ఇంటికి వచ్చాక



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇంటర్ చదివి భర్తీ అయి, సుబేదారుగా పెన్షన్ వచ్చినవాణ్ణి. మా తాత రైల్వే వర్క్‌షాపు పనికి శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చాడు, మీలో చాలామంది తాతల్లాగే.

2019 ఆగస్టులో న్యుమోనియా వచ్చి కలకత్తాలో 18 రోజులు ఐ.సి.యు.లో వున్నాను. అందులో 11 రోజులు వెంటిలేటరు మీద. ఇంటికి రాగానే నిమ్‌పురా వాళ్లంతా వచ్చి "జంగ్ జీత్ గయే సాబ్" అన్నారు. అసలు జంగ్ అప్పుడే మొదలైందని ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను.

గొట్టాలు పీక్కోకుండా చేతులు కడితే, శత్రువుకి ఖైదీగా దొరికాననుకున్నాను. మా ఆవిడ కూడా వాళ్లతో కలిసిపోయిందనుకున్నాను. ఇంటికొచ్చాక మూడు వారాలు ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు అనుమానంగానే తాగాను. పాతికేళ్ల కాపురం మాది!

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకి వెళ్తే నా నంబరు గుర్తురాలేదు. జె.సి. నంబరు సరే, రిక్రూట్ నాటి నంబరు కూడా రాలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పే నంబరు కదండీ అది. గుమాస్తా ముందు చెమటలు పట్టాయి. డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లున్నాయి గానీ, ఇలా జరగొచ్చని ఒక్క ముక్క లేదు.

తర్వాత ఒక డాక్టరుగారు దీనికో పేరుందని చెప్పారు. పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్. ఒళ్లు, బుద్ధి, మనసు, ఏదైనా దెబ్బతినొచ్చు, మూడూ దెబ్బతినొచ్చు. 2013లో అమెరికాలో అచ్చయిన పరిశీలన ప్రకారం, బయటపడిన మూడు నెలలకి పదిమందిలో నలుగురి బుద్ధి, తలకి ఓ మోస్తరు గాయమైనవాళ్ల స్థాయిలో వుంది. ఐ.సి.యు.లో మతిభ్రమ ఎక్కువ రోజులున్న వాళ్లకి ఇంకా ఎక్కువ నష్టం. టొరంటో డాక్టర్లు ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని బతికినవాళ్లని అయిదేళ్లు చూశారు. అప్పటికి కూడా ఆరు నిమిషాల్లో వాళ్లు నడిచే దూరం, నడవాల్సిన దాంట్లో ముప్పాతిక వంతే. వాళ్లేమీ ముసలివాళ్లు కారు.

మన స్టేషను ప్లాట్‌ఫారం 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్‌ది కట్టేదాకా ప్రపంచంలో పొడుగైన వాటిలో ముందు మన పేరే చెప్పేవారు. బి.పి.ఇ.టి.లో అయిదు కిలోమీటర్లు పరిగెత్తిన ఈ కాళ్లు, అందులో సగం దూరానికే రెండుసార్లు బెంచీ వెతుక్కున్నాయి.

నన్ను నిలబెట్టింది పాల లెక్కల నోటుబుక్కు. ఆస్పత్రి హాల్లో కూర్చుని మా ఆవిడ రోజూ అందులో రాసింది. "జ్వరం తగ్గింది. చేతికట్లు విప్పారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు." ఆ మూడో మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఖైదు ఎక్కడిదో, కట్లు ఎందుకో అప్పుడు తెలిసింది. స్కాండినేవియా దేశాల్లో నర్సులే ఇలాంటి డైరీ రాసి రోగి చేతికిస్తారట.

ఇప్పుడు నంబరు గుర్తుంది. ఆ ప్లాట్‌ఫారం ఆగకుండా నడుస్తాను. డబ్బు లెక్కలు మాత్రం ఆవిడవే. కానీ ఆవిడ ఇప్పటికీ అర్ధరాత్రి లేచి నా ఊపిరి చూస్తుంది. ఈ జబ్బు ఇంట్లోవాళ్లకీ వస్తుందట.

మీ ఇళ్లలో ఐ.సి.యు. నుంచి వచ్చినవాళ్లు మాట మరిచినా, ఊరికే కసురుకున్నా, మందు వల్లనో వయసు వల్లనో అనుకోకండి. ఇ.సి.హెచ్.ఎస్.కి వెళ్లినప్పుడు డాక్టరుకి ఆ సంగతి కూడా చెప్పండి. ఆదివారం సాయంత్రాలు సెర్సా మైదానంలో నడుస్తుంటాను, రండి. ఇంట్లోవాళ్లని కూడా తీసుకురండి.

జై హింద్.