రుబ్ అల్ ఖాలీకి వెళ్దామా? ముందు తిరిగొచ్చే లెక్క చూసుకుందాం

ఇవాళ చాలామంది అడిగిన విషయం మాట్లాడుకుందాం. మస్కట్‌లో, దుబాయ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు సెలవులు వస్తే చాలు, "రుబ్ అల్ ఖాలీకి వెళ్లాలని ఉంది, ఎలా ప్లాన్ చేసుకోవాలి?" అని అడుగుతున్నారు. వెళ్లొచ్చండీ, తప్పకుండా చూడాల్సిన చోటు. కాకపోతే ఈ ప్రయాణాన్ని మామూలు టూర్‌లాగా "ఎలా వెళ్దాం" అని మొదలుపెట్టకూడదు. "ఎలా తిరిగొస్తాం" అన్న దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. ఈ ఎపిసోడ్ అంతా ఆ లెక్క గురించే.

ముందు చోటు ఎంతటిదో చూద్దాం. రుబ్ అల్ ఖాలీ అంటే ఖాళీగా ఉన్న నాలుగో భాగం అని అర్థం. సౌదీ, ఒమాన్, యూఏఈ, యెమెన్ నాలుగు దేశాల్లోకీ పరుచుకుని ఉంటుంది. విస్తీర్ణం సుమారు 6 లక్షల 50 వేల చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రా, తెలంగాణ రెండూ కలిపితే 2 లక్షల 75 వేలు. అంటే దానికి రెండింతలు దాటి, అంతా ఇసుకే. కొన్ని దిబ్బలు 250 మీటర్ల ఎత్తు దాకా ఉంటాయి.

2024 వేసవిలో సౌదీ వైపు మన తెలంగాణ కుర్రాడు ఒకరు, తోటి ఉద్యోగితో పాటు ఈ ఎడారిలోనే చనిపోయారు. జీపీఎస్ పనిచేయలేదు, పెట్రోలు అయిపోయింది, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది అని వార్తల్లో వచ్చింది. వాళ్ళు షికారుకి వెళ్ళినవాళ్ళు కూడా కాదు, పని మీద వెళ్ళినవాళ్ళు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్న ఇబ్బందే. ఎడారిలో మూడూ కలిసి వస్తే ప్రాణం మీదకి వస్తుంది.

సరే, ఎటు నుంచి వెళ్ళాలి? మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఒమాన్‌లో సలాలా వైపు నుంచి సులువు. సలాలా నుంచి కొండలెక్కి తుమ్రైత్, అది సుమారు 80 కిలోమీటర్లు. అక్కడి నుంచి షిస్ర్. యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన సాంబ్రాణి భూముల్లో షిస్ర్ ఒకటి. పూర్వం సాంబ్రాణి మోసుకెళ్ళే ఒంటెల బిడారాలు అక్కడ ఆగేవి. ఎందుకు ఆగేవి? అక్కడ నీళ్ళున్నాయి గనక. షిస్ర్ దాటి అల్ హష్మాన్ వైపు వెళ్తే అసలు దిబ్బలు మొదలవుతాయి.

ఎప్పుడు వెళ్ళాలి? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. సలాలాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్, అంటే జల్లులూ పచ్చదనమూ. అది చూసి మోసపోకండి. అదే రోజుల్లో కొండకి అవతల ఎడారిలో ఎండ 50 డిగ్రీలకి చేరుతుంది. చలికాలంలో పగలు హాయిగా ఉంటుంది, రాత్రి మాత్రం స్వెట్టరు, మందపాటి దుప్పటి కావాలి.

ఇప్పుడు లెక్కలు. కాగితం తీసుకోండి.

మొదటిది నీళ్ళు. మనిషికి రోజుకి 5 లీటర్లు. నలుగురు మూడు రోజులకి వెళ్తున్నారనుకోండి, ఐదు రోజులకి లెక్క వేయండి. నాలుగు మనుషులు, ఐదు లీటర్లు, ఐదు రోజులు, మొత్తం 100 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు ఐదు. అన్నీ ఒకే బండిలో పెట్టొద్దు, పంచి పెట్టండి. తిండి సంగతా? పులిహోర, చపాతీలు మొదటిరోజుకి బాగుంటాయి. పచ్చళ్ళు మాత్రం తగ్గించండి, ఉప్పూ కారం తిన్నకొద్దీ దాహం ఎక్కువవుతుంది.

రెండోది ఇంధనం. తుమ్రైత్‌లోనే ట్యాంకు నింపేయండి. ముందు ఇంకో పంపు ఉంటుందిలే అనుకోవద్దు. ఉదాహరణకి, రోడ్డు, మట్టిబాట కలిపి రానూ పోనూ 320 కిలోమీటర్లు, లీటరుకి 8 చొప్పున 40 లీటర్లు. ఇసుకలో 80 కిలోమీటర్లు. మెత్తటి ఇసుకలో బండి రెట్టింపు తాగుతుంది, కాబట్టి లీటరుకి 4 చొప్పున 20 లీటర్లు. మొత్తం 60. దాని మీద సగం, అంటే ఇంకో 30 అదనంగా. మొత్తం 90 లీటర్లు. మీ ట్యాంకు అంత పట్టకపోతే డబ్బాలో తీసుకెళ్ళాల్సిందే.

మూడోది బండి. కనీసం రెండు ఫోర్ బై ఫోర్ బండ్లు ఉండాలి. ఒకటి కూరుకుపోతే లాగడానికి రెండోది కావాలి కదా. అద్దె బండి అయితే ఇన్సూరెన్స్ కాగితం చదవండి, చాలావాటిలో ఇసుకలో నడిపితే వర్తించదని ఉంటుంది. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి 15 పీఎస్‌ఐ దగ్గరికి తగ్గించాలి. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలినట్టు వెళ్తుంది. మళ్ళీ తారురోడ్డు ఎక్కే ముందు గాలి నింపుకోవాలి కాబట్టి కంప్రెసర్ ఉండాలి. పార, లాగే తాడు కూడా.

నడిపేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. దిబ్బకి గాలి కొట్టే వైపు ఏటవాలుగా ఉంటుంది, అవతలి వైపు నిట్టనిలువుగా జారుతుంది. మిట్టమధ్యాహ్నం నీడలుండవు, ఆ అంచు కనపడదు. అందుకే పొద్దున్నో సాయంత్రమో నడపండి. వాలు మీద అడ్డంగా తిప్పొద్దు, బండి పల్టీ కొడుతుంది. చక్రం కూరుకుంటే యాక్సిలరేటర్ తొక్కకండి, ఇంకా లోతుకి పోతుంది. దిగి, ఇసుక తవ్వి, వచ్చిన దారినే వెనక్కి తీయండి. తెల్లగా ఉప్పు పేరుకున్న చదును నేల కనిపిస్తే దూరంగా ఉండండి. దాన్ని సబ్ఖా అంటారు. పైన గట్టిగా కనిపిస్తుంది, కింద బురద.

నాలుగోది స్థానికుడు. 1930 డిసెంబరులో సలాలా నుంచి బయలుదేరి 1931 ఫిబ్రవరిలో దోహా చేరిన బెర్‌ట్రమ్ థామస్‌ని ఈ ఎడారి దాటిన మొదటి యూరోపియన్‌గా చెప్తారు. ఆయన కూడా చలికాలం చూసుకుని, బావులు ఎక్కడున్నాయో తెలిసిన రషీద్ తెగ బెదూయిన్ల వెంట వెళ్ళారు. మనం వాళ్ళకంటే తెలిసినవాళ్ళమా? సలాలాలో లైసెన్సు ఉన్న గైడ్‌ని పెట్టుకోండి. శాటిలైట్ ఫోన్ ఉందా అని అడగండి. ఇండియా నుంచి వచ్చేవాళ్ళు మాత్రం అలాంటి ఫోన్ కొనుక్కుని ఇంటికి తీసుకెళ్ళకండి, మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం.

ఆఖరిది, పైసా ఖర్చు లేనిది. బయట ఒక మనిషి. ఇంట్లోవాళ్ళో స్నేహితులో, ఒకరికి మీ దారి, బండి నంబర్లు, గైడ్ నంబరు రాసి ఇవ్వండి. "శనివారం సాయంత్రం ఆరు లోపు ఫోన్ చేస్తాను, చేయకపోతే 9999కి చెప్పు" అనండి. అది ఒమాన్‌లో ఎమర్జెన్సీ నంబరు. ఇక మీ పని ఒక్కటే, బండి వదిలి నడిచి పోకూడదు. వెతికేవాళ్ళకి పైనుంచి బండి కనపడుతుంది, మనిషి కనపడడు. బండి నీడలో కూర్చుని, నీళ్ళు తాగుతూ ఎదురు చూడాలి.

ఈ ఐదూ కుదిరితే బయలుదేరండి. ఒక్కటి కుదరకపోయినా ఇంకో సెలవుకి వాయిదా వేయండి, ఇసుక ఎక్కడికీ పోదు. అక్కడ రాత్రి ఆకాశం చూడండి, మీ చెత్త మీతోనే వెనక్కి తెచ్చుకోండి, క్షేమంగా రండి. ఉంటానండీ, మళ్ళీ కలుద్దాం.