ఆ 61 ఎక్కడిది?



కోనసీమలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో చేపల వేటే ఆధారమైన కుటుంబాలు ఎన్నో. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు సముద్రంలో వేటకు వెళ్లకూడదు. మొత్తం 61 రోజులు.

ఈ రోజులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం రాస్తున్నామనుకుందాం. 61 అని ఊరికే వేసి వదిలేస్తే, రేపు దాన్ని సరిచేసేవారికి ఆ అంకె ఎక్కడిదో తెలియదు. పక్కనే 'తూర్పు తీరంలో వేట నిషేధం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14' అని ఒక్క వ్యాఖ్య రాస్తే చాలు. దీన్నే కామెంట్ అంటారు. పైథాన్‌లో హాష్ గుర్తు తర్వాత, జావాలో రెండు ఏటవాలు గీతల తర్వాత రాసినదాన్ని కంప్యూటర్ వదిలేస్తుంది. అది చదివే మనిషి కోసమే.

ప్రోగ్రాం కోడ్ ఏం చేస్తోందో కోడ్‌లోనే కనిపిస్తుంది. ఎందుకు చేస్తోందో మనమే రాయాలి.

ఇంకో జాగ్రత్త. 2015కు ముందు ఈ నిషేధం 47 రోజులే. నియమం మారినప్పుడు అంకె మార్చి, పాత వ్యాఖ్యను అలాగే ఉంచితే చదివేవారు తప్పుదారి పడతారు. రెండూ ఒకేసారి దిద్దాలి.

పైథాన్ 3లో వ్యాఖ్యలు తెలుగు లిపిలోనూ రాయవచ్చు. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న కోనసీమ పిల్లలూ, మీ లెక్క వెనుక కారణాన్ని మీ మాటల్లో రాసిపెట్టండి. మీ తర్వాత ఆ పని చేపట్టేవారికి అదే పెద్ద సాయం.