సిల్వరు గిన్నె, సిమెంటు కిల్న్



బాక్సైట్ నుంచి అల్యూమినియం తీసే ఫ్యాక్టరీ కడపలో లేదు, కర్నూలులో లేదు. మరి దాని చెత్త గోల మాకెందుకని మీరు అడగొచ్చు. చెత్త ఎక్కువగా పుట్టేది ఒడిశా వైపు. దాన్ని రూపుమాపగల మంట మాత్రం మన యర్రగుంట్లలో, జమ్మలమడుగులో, అటు కొలిమిగుండ్లలో ఉంది. సిమెంటు కిల్న్, అంటే సిమెంటు కొలిమి సంగతే నేను చెబుతున్నది.

సిల్వరు గిన్నె, అంటే అల్యూమినియం గిన్నె కావాలంటే ముందు బాక్సైట్‌ను కాస్టిక్ సోడాలో ఉడికించి అల్యూమినా తీయాలి. టన్ను అల్యూమినాకు టన్ను, టన్నున్నర ఎర్రమడ్డి మిగులుతుంది. అది ఒంటిని కాల్చే క్షారం. 2010 అక్టోబరు 4న హంగరీలోని ఆయ్‌కా దగ్గర దాని చెరువు కట్ట తెగి పది మంది పోయారు. అందులోని ఇనుము సిమెంటుకు పనికొస్తుంది గానీ, తడిమడ్డిని అంతదూరం మోయడం ఖరీదు.

నాకు భయమల్లా పరిమాణంలో చిన్నదైన రెండో చెత్తతోనే. అల్యూమినాను కరిగించే తొట్టిని పాట్ అంటారు. లోపల కార్బన్ దిమ్మెలు, వాటి వెనక ఫైర్ బ్రిక్స్. 960 డిగ్రీల వేడిలో ఐదారేళ్లు నానేసరికి ఆ లోపలి వరస చెడిపోతుంది, పెకలించేస్తారు. టన్ను లోహానికి ఇరవై, పాతిక కిలోలు. పగలగొడితే నల్లటి పెళ్ల, మధ్యలో తెల్లటి ఉప్పు చారలు. ఆ చారల్లో ఫ్లోరైడు ఉంటుంది, నల్లటి పెళ్లలో సైనైడు కూడా ఉంటుంది. నీళ్లు పడితే అమ్మోనియా ముక్కు బద్దలు కొడుతుంది. హైడ్రోజన్, మీథేన్ కూడా పుడతాయి, మూసిన చోటైతే పేలతాయి.

కిల్న్‌లో మంట 2000 డిగ్రీలు, సిమెంటుగా నూరే క్లింకర్ గడ్డ వేడి 1450. అక్కడ సైనైడు బతకదు. కార్బన్ బొగ్గుతో పాటు మండుతుంది. ఫ్లోరైడును సున్నం పట్టేసుకుంటుంది, పైగా క్లింకర్ కాస్త తక్కువ వేడికే తయారవుతుంది. అయితే ఈ పెళ్లల పొడిని, ముందుగా వేడెక్కించే ప్రీహీటర్ పైనుంచి రాతిపొడితో కలిపి పోస్తే, మంట దాకా రాకముందే విషం పొగగొట్టం ఎక్కవచ్చు. వేడిగా ఉండే బర్నర్ కొసనే వేయాలి. ఈ చెత్తలోని సోడియం మోతాదు మించితే కిల్న్‌లో పెచ్చులు కడుతుంది, కాంక్రీటుకూ చేటు.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలా కాల్చడానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి, లారీ వెంట చెత్త వివరాల మ్యానిఫెస్టు ఉండాలి. కాగితాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అనుమతిపత్రం ఫ్రేము కట్టి తగిలించిన చోటా, గోదాము మూల చిరిగిన టార్పాలిన్ కనబడుతుంది. వానలేని సీమలో తడవదులే అంటారు. 2021 నవంబరులో వానలకు వరదెత్తిన చెయ్యేరు అన్నమయ్య ప్రాజెక్టు కట్టను ఊడ్చుకుపోయింది కదా! ఆ చెత్త తడిస్తే ఫ్లోరైడు నేలలోకి దిగుతుంది. మన బోర్లలో చాలాచోట్ల అది ముందే ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, దానికి ఇంకొంత కలపడానికి వీల్లేదు.

సిమెంటు ఫ్యాక్టరీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెడితే మనవాళ్లు ఉద్యోగాలడుగుతారు, దుమ్ము గురించి అడుగుతారు. అడగాల్సిందే. ఈసారి ఇవీ అడగండి: మీ కిల్న్‌లో ఏ చెత్త వేస్తారు, ఎక్కడ వేస్తారు? షెడ్డుకు పైకప్పు, కాంక్రీటు నేల, గాలి ఆడే కిటికీలు ఉన్నాయా? చుట్టుపక్కల బోర్ల నీళ్లు ముందొకసారి, తర్వాత ఏటా పరీక్షించి పంచాయతీ బోర్డు మీద రాస్తారా?