పాతకారు: కొన్న ధరయు, కొన్న తరువాతి ఖర్చును

పలాస, టెక్కలి ప్రాంతములలో కారు నేడు విలాసవస్తువు కాదు. జీడిపప్పు వ్యాపారికిని, కొబ్బరితోటల రైతునకును అది పనిముట్టు. మూత్రపిండముల వ్యాధి పీడించుచున్న ఉద్దానపు పల్లెలలో అంతకంటె గొప్ప అవసరము. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి ప్రారంభమైనది. డయాలిసిస్ చేయించుకొనువారు సాధారణముగా వారమునకు రెండు మూడు మారులు ఆసుపత్రికి పోవలసి యుండును. ప్రతిమారు బండిని బాడుగకు పిలువలేని కుటుంబములు చౌకలో పాతకారు కొనదలచుట సహజము. అట్టివారికి మేము చెప్పదలచిన మాట యొక్కటే: కొన్న ధర మొదటి ఖర్చు మాత్రమే, మిగిలిన ఖర్చును కొనకముందే లెక్కించుకొనవలెను.

చిన్నకారులలో మన పల్లెలకు చిరపరిచితమైనది మారుతి 800. అది 1983 డిసెంబరులో వెలువడినది. 2014 జనవరిలో దాని ఉత్పత్తి నిలిచిపోయినది. దానిలోని 796 ఘన సెంటీమీటర్ల యంత్రమువంటిదే 2000 సంవత్సరమున వచ్చిన ఆల్టో కార్లలో పెక్కింటికి అమర్చిరి. ఇట్టి బండ్లను విప్పి బిగించుట ఎరిగిన మెకానిక్కులు చిన్న ఊళ్లలో సైతము లభింతురు. పాతకారు కొనువారికి ఇది పెద్ద వెసులుబాటు. ఎంత మంచి కారైనను, దానిని బాగుచేయువాడు దాపున లేనిచో అది చౌక బేరము కాజాలదు.

మన తీరమున యంత్రముకంటె ముందుగా చూడవలసినది ఇనుము. నౌపడాలో ఉప్పు పండించు గాలియే బారువ, వజ్రపుకొత్తూరు తీరములలో కారు అడుగుభాగమును తినివేయును. పైరంగు కొత్తగా మెరయుచున్నంతమాత్రమున మోసపోరాదు. బండిని షెడ్డులోని గుంటపై నిలిపి, క్రిందినుండి దీపము వేసి చూడవలెను. లోపలి చాపలను ఎత్తి నేలరేకును, తలుపుల క్రింది అంచులను, జాకీ పెట్టుచోటును, చక్రముల ఊతలు బాడీకి అతుకుచోటును, బ్రేకు గొట్టములను పరీక్షింపవలెను. స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టినపుడు గట్టి రేకు ఖణేలుమనును. తుప్పు పట్టిన రేకు బొద్దుగా పలుకును. యంత్రపు భాగమును మార్చవచ్చును గాని, ఊతలు అతుకుచోట పుచ్చిన బాడీని బాగుచేయుట కారు ధరకే ఎసరు పెట్టును. అట్టి బండిని వదలివేయుటయే మేలు.

రెండవది నీట మునిగిన బండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటినది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడయందు వేలకొలది వాహనములు మునిగినవి. అట్టి బండ్లు కడిగించుకొని దూరపు ఊళ్లకు అమ్మకమునకు రావచ్చును. సీటుబెల్టును చివరివరకు లాగి చూచినచో బురద చార కనబడవచ్చును. సీట్ల క్రింది బోల్టుల తుప్పు, దీపపు అద్దముల లోపలి తేమ, ముక్కవాసన కూడ సాక్ష్యము పలుకును. నీరు చొచ్చిన వైరింగు నేడు నడచి రేపు నిలుచును.

యంత్రమును చల్లగా నున్నపుడే నడిపింపజేయవలెను. అమ్ముజూపువాడు ముందే వేడిచేసి యుంచినచో లోపములు దాగును. నీలపు పొగ ఆయిలు కాలుచున్నదనియు, నల్లపొగ పెట్రోలు అధికముగా మండుచున్నదనియు, వదలని తెల్లపొగ రేడియేటరు నీరు సిలిండరులో దిగుచున్నదనియు తెలుపును. ఆయిలు మూత లోపల పాలమీగడవంటి పదార్థము కనబడినచో హెడ్ గాస్కెట్టును శంకింపవలెను. ఉప్పు నూతినీరు రేడియేటరులో పోయుట మన తీరమున తరచు జరుగు తప్పు. అది లోపల పాచికట్టి యంత్రమును వేడెక్కించును. టైరు ప్రక్కనుండు చివరి నాలుగంకెలు దాని వయస్సు చెప్పును: 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారము. గాళ్లు లోతుగా నున్నను ఏండ్లు గడచిన టైరు బీటలు వారును. 2025 నాటికి దేశమంతట పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. దానిని దృష్టిలో నుంచుకొని చేయని పాతకార్లలో పెట్రోలు రబ్బరు గొట్టములను మెకానిక్కుచేత చూపించి, అవసరమైనచో మార్పించుట క్షేమము.

ఇక పత్రములు. ఇచ్ఛాపురము దాటిన వెంటనే ఒడిషా. అచటి బండ్లు మన సంతకు వచ్చుట వింత కాదు. వేరు రాష్ట్రపు బండి ఇచట పన్నెండు నెలలకు మించి ఉన్నచో ఇచటి సంఖ్య పొందవలెను. అందులకు అచటి కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను, ఇచటి పన్ను చెల్లింపవలెను. బండి అప్పు తీరినదని బ్యాంకు ఇచ్చిన పత్రము చూడనిదే సొమ్ము చేతులు మారరాదు. అమ్మినవారు కూడ పేరు మార్పును ఉపేక్షింపరాదు. పుస్తకములో ఎవరి పేరున్నదో వారే ప్రమాద పరిహారమునకు బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కొన్నవారు 14 దినములలో బీమాను కూడ తమ పేరునకు మార్పించుకొన దరఖాస్తు చేయవలెను. రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. తరువాత ఐదేండ్లకొకమారు పునరుద్ధరింపవలెను. దాని రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి రు. 600కు బదులు రు. 5,000 ఆయెను.

ఇప్పుడు లెక్క చూతము. రానుపోను 60 కిలోమీటర్లు, వారమునకు మూడు మారులు, ఏడాదికి 9,360 కిలోమీటర్లగును. పెట్రోలు లీటరు రు. 110గా లెక్కించినచో, లీటరునకు 18 కిలోమీటర్లు నడచు కారునకు రు. 57,200, అలసిన యంత్రముతో 15 కిలోమీటర్లే నడచుదానికి రు. 68,640. తేడా రు. 11,440! ప్లగ్గులు, గాలి ఫిల్టరు, చక్రముల వరుస సరిచూపించుకొనుటకయ్యెడి ఖర్చు ఇందులో కొద్దిభాగమే. వెయ్యి ఘన సెంటీమీటర్లలోపు కారునకు మూడవపక్షపు బీమా 2022 జూన్ నుండి పన్నుగాక రు. 2,094. దీనికి ఆయిలు, బ్యాటరీ, టైర్లు, బ్రేకుల ఖర్చు కూడును.

కనుక మా సలహా ఇది: చేతనున్న సొమ్మంతయు కారు ధరకే పెట్టవలదు. లక్షరూపాయలున్నచో ఎనుబదివేలలోపు కారు కొని, మిగిలిన ఇరువదివేలు మొదటి ఏటి మరమ్మతులకై విడిగా నుంచవలెను. అంత మిగులనిచో, నెలకు రెండు మూడు మారులకు మించని ప్రయాణములకు బాడుగబండియే చౌక. కొన్నవారు వారమునకొకమారు అడుగుభాగమును మంచినీటితో కడుగవలెను. కొబ్బరిచెట్టు క్రింద నిలుపరాదు. బ్రేకు ఆయిలును రెండేండ్లకొకమారు మార్పింపవలెను. ఆసుపత్రికి పోవు దినమునకు ముందురాత్రియే నీరు, ఆయిలు, టైరుగాలి చూచుకొనవలెను. వేకువజామున రోగిని ఎక్కించుకొన్న బండి దారిలో నిలువకుండుట మెకానిక్కు చేతిలోకంటె ఈ కొద్దిపాటి శ్రద్ధలోనే ఎక్కువగా నున్నది.